ముల్లు తీశాక కూడా ఎందుకు సలుపుతుంది?

మా నాన్నకి ఓసారి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరగడం ఆయనకి అలవాటు. సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే, అమ్మ పిన్నీసు మొన దీపం మంటలో కాల్చి, చర్మాన్ని కొంచెం కొంచెంగా చీరి ముల్లు బయటికి తీసింది. విరగకుండా మొత్తం వచ్చింది. వెలుతురులో పెట్టి చూశాం, మొన కూడా ఉంది. "పోయిందిలే, పొద్దుటికల్లా తగ్గిపోద్ది" అన్నాడు నాన్న.

అర్ధరాత్రి దాటాక సలపరం మొదలైంది. తెల్లారేసరికి కాలు కింద మోపలేకపోయాడు. ముల్లు దిగిన చోటు చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఎర్రబడింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. పాదం వాచి చర్మం బిగుసుకుపోయింది. గజ్జల్లో బిళ్ల కట్టింది. సాయంత్రానికి ఒళ్లు కూడా వెచ్చబడింది. ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్తే టీటీ ఇంజెక్షన్ చేసి మాత్రలిచ్చారు. వచ్చే దారిలో నాన్న అడిగాడు: "ముల్లు తీసేశాం కదరా, మరి ఇంకా ఎందుకు సలుపుతోంది?"

నేనప్పుడు ఇంటర్ బైపీసీ. జువాలజీ పుస్తకంలో "స్వాభావిక అసంక్రామ్యత" అన్న పాఠం చదివే ఉన్నాను. పుట్టుకతో వచ్చే రోగనిరోధక శక్తి అని దాని అర్థం. ఆ పాఠానికీ నాన్న కాలికీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు. ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం.

ఆ సలపరం ముల్లుది కాదు. ముల్లుతో లోపలికి వెళ్లిన బ్యాక్టీరియాది కూడా చాలావరకు కాదు. అది మన ఒంట్లోని కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడం వల్ల వచ్చింది. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు గుర్తుల్నీ సుమారు రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. చాలాకాలం అందరూ వాటిని జబ్బు చేసే చెరుపు అనుకున్నారు. నిజానికి ఆ నాలుగూ మన శరీరం కావాలని చేసుకునేవి. చేయించేది కంటికి కనిపించని కొన్ని రసాయనాలు.

ఈ శాస్త్రం ఒక మలుపు తిరిగింది కూడా ముల్లుతోనే. 1882లో రష్యన్ జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ఇటలీలో, సిసిలీ దీవిలోని మెసీనాలో ఉన్నాడు. ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కి వెళ్లారు. ఆయన ఒక్కడే మైక్రోస్కోప్ ముందు కూర్చుని సముద్ర నక్షత్రం లార్వాల్ని చూస్తున్నాడు. అవి గాజులా ఉంటాయి, లోపల కదిలే కణాలు బయటికి కనిపిస్తాయి. ఈ కదిలే కణాలు శరీరాన్ని కాపాడటానికే ఉన్నాయేమో అన్న ఆలోచన వచ్చి, పెరట్లోంచి ముళ్లు తెచ్చి లార్వాల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదు. తెల్లారగానే చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపు కట్టి ఉన్నాయి. ఆ లార్వాకి మనలాంటి రక్తనాళాలు లేవు. నరాల ద్వారా కబురు పంపి పిలిపించే మెదడు కూడా లేదు. అయినా కణాలన్నీ సరిగ్గా ముల్లు దగ్గరికే వచ్చాయి. 1908లో ఆయనకి పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ కణాల్ని పిలిచింది ఎవరన్న ప్రశ్న మాత్రం ఇంకా చాలా ఏళ్లు మిగిలిపోయింది.

ఊళ్లో గడ్డివాము అంటుకుంటే ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ముందు చూసినవాడు కేక పెడతాడు. ఆ కేక విన్నవాడు ఇంకో కేక పెట్టి బిందె పట్టుకుని పరిగెత్తుతాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే పెద్దమనిషి అక్కడ ఉండడు. కేకే అందర్నీ కూడగడుతుంది. చర్మం కింద జరిగేది కూడా దాదాపు ఇదే. ఒక్కో కణం తనకి తగిలిన రసాయనాన్ని బట్టి తన పని తాను చేస్తుంది, చేస్తూనే తనూ కొన్ని రసాయనాల్ని వదులుతుంది. మొత్తం పనిని పైనుంచి చూసే కణం ఒక్కటి కూడా లేదు.

మొదటి కేక పెట్టేది చనిపోతున్న కణాలే. ముల్లు దిగినప్పుడు కొన్ని కణాలు చిట్లిపోతాయి. కణం లోపలే ఉండాల్సిన ఏటీపీ లాంటి పదార్థాలు బయటికి కారతాయి. ఏటీపీ అంటే కణానికి ఇంధనం. అది బయట పెద్ద మొత్తంలో కనిపించిందంటే అక్కడ ఏదో పగిలిందనే లెక్క. గాయం అంచున ఉన్న కణాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా తయారుచేస్తాయి. పుండ్లు కడగడానికి వాడే నురగ మందులో ఉండేది అదే. 2009లో జీబ్రా చేప పిల్లల తోక కొస కత్తిరించి చూస్తే, నిమిషాల్లోనే గాయం దగ్గర ఈ రసాయనం పెరిగింది. తెల్లకణాలు అటు కదలడం ఆ తర్వాత మొదలైంది.

రెండో కబురు సూక్ష్మజీవుల నుంచే వస్తుంది. చర్మం కింద మాక్రోఫేజ్‌లనే కణాలు ఎప్పుడూ కాపలా ఉంటాయి. మన పాఠ్యపుస్తకాల్లో వీటినే స్థూలభక్షక కణాలన్నారు. ఇవి ఫలానా బ్యాక్టీరియా అని పేరుపేరునా గుర్తుపట్టలేవు. బ్యాక్టీరియా గోడలో ఉండి మన ఒంట్లో ఎక్కడా ఉండని పదార్థాల్ని గుర్తుపడతాయి. ఇలాంటి గుర్తింపు వ్యవస్థ ఉండి తీరాలని 1989లో అమెరికాలో చార్లెస్ జేన్‌వే ఊహించి చెప్పాడు. 1996లో ఫ్రాన్స్‌లో జూల్ హాఫ్‌మన్ బృందం పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో దీని జాడ పట్టుకుంది. టోల్ అనే జన్యువు పనిచేయని ఈగలకి ఒంటినిండా ఫంగస్ పెరిగి చచ్చిపోయాయి. 1998లో బ్రూస్ బాయ్‌ట్లర్ బృందం దాన్ని పోలినదే ఎలుకల్లోనూ ఉందని, బ్యాక్టీరియా విషాన్ని పసిగట్టేది అదేనని తేల్చింది. ఈ ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది. మనుషుల్లో ఇలాంటి టోల్ తరహా గ్రాహకాలు, అంటే పసిగట్టే అణువులు, పది రకాలున్నాయి. ఈగ నుంచి మనిషి దాకా ఒకే పద్ధతి కొనసాగిందంటే ఇది ఎంత పాత ఏర్పాటో చూడండి.

కబురు అందగానే అందరికంటే ముందు కదిలేవి మాస్ట్ కణాలు. వీటి కడుపు నిండా హిస్టమిన్ గుళికలు సిద్ధంగా ఉంటాయి. తయారుచేసుకోవాల్సిన పని లేదు, వదిలేయడమే. అందుకే దీని ప్రభావం నిమిషాల్లో కనిపిస్తుంది. కావాలంటే ఇప్పుడే చూడొచ్చు. ముంజేతి లోపలి వైపు, గోరుతో కాస్త గట్టిగా ఒక గీత గీయండి. ముందు గీత ఎర్రబడుతుంది. కాసేపటికి దాని పక్కన చర్మం కూడా లేత ఎరుపుకి తిరుగుతుంది. కొందరికి గీత వెంబడి దద్దురులా ఉబ్బుతుంది. 1920ల్లోనే లండన్‌లో థామస్ లూయిస్ ఈ మూడు దశల్నీ ఓపిగ్గా పరిశీలించి, చర్మంలోంచి హిస్టమిన్ లాంటి పదార్థమేదో విడుదలవుతోందన్నాడు. హిస్టమిన్ తగలగానే సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎక్కువ రక్తం వస్తుంది కాబట్టి ఎరుపు, వేడి. నాళం గోడలోని కణాల మధ్య సందులు తెరుచుకుని రక్తంలోని నీరు, ప్రోటీన్లు బయటికి ఊరతాయి కాబట్టి వాపు. దోమ కుట్టినచోట దద్దురు లేచినా, అలర్జీతో ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా కారణం ఇదే. మనం వేసుకునే సెట్రిజిన్ మాత్ర చేసే పనల్లా హిస్టమిన్ వెళ్లి తగలాల్సిన చోటుని ముందే ఆక్రమించి కూర్చోవడం.

ఊరిన ఆ నీరు వట్టి నీరు కాదు. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలిన కాంప్లిమెంట్ ప్రోటీన్లు అందులో ఉంటాయి. సూక్ష్మజీవి ఒంటికి ఇవి తగలగానే ఒకటి తెగి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని తెంపుతూ పోతాయి. తెగిన ముక్కల్లో పెద్దవి సూక్ష్మజీవికి అతుక్కుని, తినాల్సింది దీన్నే అని మాక్రోఫేజ్‌లకి చూపిస్తాయి. చిన్నవి చుట్టూ వ్యాపించి తెల్లకణాల్ని పిలుస్తాయి.

ఇక అసలు కబుర్లు మొదలవుతాయి. మాక్రోఫేజ్‌లు ఒకటి రెండు గంటల్లో సైటోకైన్లనే చిన్న ప్రోటీన్లని తయారుచేసి వదలడం మొదలుపెడతాయి. కోవిడ్ రోజుల్లో ఈ మాట మనందరి నోళ్లలోనూ నానింది. వీటిలో ముఖ్యమైనవి మూడు: ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ (దీన్నే టీఎన్ఎఫ్ అంటారు), ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6. ఇవి ఎంత తక్కువ ఉంటాయో చెప్పాలి. ల్యాబ్ రిపోర్టులో ఇంటర్‌ల్యూకిన్-6ని ఒక మిల్లీలీటరుకి ఇన్ని పికోగ్రాములని రాస్తారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత కొంచెమే చాలు, కణం తన పనంతా మార్చేసుకుంటుంది. పైగా ఇవి ఎక్కువసేపు నిలవవు. టీఎన్ఎఫ్ రక్తంలోకి వచ్చాక నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. ఈ రెండు లక్షణాల్లోనే దీని తెలివంతా ఉందని నాకనిపిస్తుంది. కబురు చిన్నది, దగ్గరివాళ్లకి మాత్రమే వినిపించేది, వెంటనే చెరిగిపోయేది. అందుకే పాదంలో గొడవ పాదంలోనే ఉండిపోతుంది.

టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 దగ్గర్లోని రక్తనాళం గోడకి తగలగానే, ఆ గోడ లోపలి వైపు జిగురుగా మారుతుంది. సెలెక్టిన్లనే అణువులు అక్కడ మొలుచుకొస్తాయి. రక్తంలో వేగంగా కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ కణాలు వీటికి తగిలి, అంటుకుంటూ ఊడుతూ గోడ వెంబడి దొర్లడం మొదలుపెడతాయి. సీబీపీ టెస్ట్ రిపోర్టులో న్యూట్రోఫిల్స్ అనో పాలిమార్ఫ్స్ అనో సగానికి పైగా కనిపించేవి ఇవే. పెద్దవాళ్ల ఎముక మూలుగలో రోజుకి సుమారు పదివేల కోట్లు పుడతాయి. అలా దొర్లుతున్న కణానికి గోడ మీద అతికి ఉన్న కీమోకైన్ తగులుతుంది. కీమోకైన్లు అంటే కణాల్ని కదిలించే ప్రత్యేకమైన సైటోకైన్లు. ఇంటర్‌ల్యూకిన్-8 అలాంటిదే. అది తగిలిన క్షణంలో న్యూట్రోఫిల్ ఒంటి మీదున్న కొక్కేల్లాంటి ఇంటెగ్రిన్లు విచ్చుకుని గోడని గట్టిగా పట్టుకుంటాయి. కణం ఆగిపోతుంది. తర్వాత చదునుగా సాగి, గోడలోని సందులోంచి దూరి బయటికి వస్తుంది.

బయటికి వచ్చాక ఎటు వెళ్లాలి? గాయం దగ్గర కీమోకైన్ చిక్కగా, దూరం వెళ్లేకొద్దీ పలచగా ఉంటుంది. బిర్యానీ వాసనని బట్టి వంటశాల ఎటుందో మనం పట్టేసినట్టు, న్యూట్రోఫిల్ తన ఒంటికి ఏ పక్కన రసాయనం ఎక్కువ తగులుతోందో చూసుకుని అటు పాకుతుంది. ముందు చేరిన కొన్ని కణాలు ల్యూకోట్రైన్ బీ4 అనే కొవ్వు జాతి రసాయనాన్ని వదులుతాయి. దాంతో వెనకవాటికి దారి ఇంకా స్పష్టమవుతుంది. బతికున్న ఎలుక చర్మంలో ఈ దృశ్యాన్ని మైక్రోస్కోప్‌తో వీడియో తీశారు. తేనెటీగలు ముసురుకున్నట్టే ఉంటుంది. మెచ్నికోవ్ చూసిన గుంపుని పిలిచింది ఎవరన్నదానికి జవాబు ఇలాంటి రసాయనాలే.

ఈ మెట్లలో ఒక్కటి లేకపోయినా ఎంత నష్టమో చెప్పే అరుదైన జబ్బు ఒకటుంది. కొందరు పిల్లలు ఆ కొక్కేలు సరిగ్గా లేకుండానే పుడతారు. వాళ్ల రక్తంలో న్యూట్రోఫిల్స్ మామూలుకంటే చాలా ఎక్కువ ఉంటాయి, కానీ గోడ దాటి బయటికి రాలేవు. బొడ్డు ఊడటం వారాల తరబడి ఆలస్యమవుతుంది. పదే పదే ఇన్ఫెక్షన్లు వస్తాయి, కానీ పుండుకి చీము పట్టదు. చీము పట్టలేదంటే మంచిదే కదా అనుకుంటాం. ఆ పిల్లల విషయంలో అది ప్రమాద సంకేతం. చీము అంటే పోరాడి చనిపోయిన న్యూట్రోఫిల్స్ కుప్ప. దానికి ఒక్కోసారి కనిపించే పచ్చటి రంగు కూడా బ్యాక్టీరియాది కానక్కర్లేదు. సూక్ష్మజీవుల్ని చంపడానికి న్యూట్రోఫిల్ వాడే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ రంగే పచ్చన.

నొప్పి సంగతికి వద్దాం, నాన్న అడిగింది దాని గురించే కాబట్టి. దెబ్బతిన్న కణాలు, మాక్రోఫేజ్‌లు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల్ని తయారుచేస్తాయి. ఇవి నొప్పిని కలిగించడం కంటే నొప్పి నరాల్ని సున్నితంగా మార్చడం ఎక్కువ చేస్తాయి. మామూలుగా గుర్తించనంత చిన్న ఒత్తిడి కూడా అప్పుడు నొప్పిగా తెలుస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వాచిన చోటికి రక్తం ఎగదన్ని, బిగుసుకున్న కణజాలాన్ని ఇంకాస్త నొక్కుతుంది. నాడితో పాటు లయగా వచ్చే ఆ పోటునే సలపరం అంటాం. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని 1971లో ఇంగ్లండ్‌లో జాన్ వేన్ కనిపెట్టేదాకా, అప్పటికి డెబ్బై ఏళ్లుగా అమ్ముడవుతున్న ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. నొప్పి వల్ల లాభం లేదనుకోకండి. నొప్పి ఉంటే కాలు కింద పెట్టం, గాయానికి విశ్రాంతి దొరుకుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉండి పాదాల నరాలు దెబ్బతిన్నవాళ్లకి ఈ నొప్పి తెలియదు. ముల్లు దిగిన సంగతి కూడా తెలియకుండా నడుస్తూనే ఉంటారు. పుండు ముదిరాక ఎవరో చూసి చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ పడుకునేముందు పాదాలు చూసుకోవాలని డాక్టర్లు పోరేది అందుకే.

గజ్జల్లో బిళ్ల కట్టడం ఇంకో కబురు. గాయం దగ్గర సూక్ష్మజీవి ముక్కల్ని మింగిన డెండ్రైటిక్ కణాలు కీమోకైన్ల దారిపట్టి గజ్జల్లోని లింఫ్ గ్రంథికి చేరతాయి. ప్రత్యేకంగా ఆ సూక్ష్మజీవి మీదే పనిచేసే లింఫోసైట్లని అక్కడ నిద్రలేపుతాయి. యాంటీబాడీలు, వ్యాక్సిన్ల కథంతా అక్కడినుంచి మొదలవుతుంది. దానికి రోజులు పడుతుంది. ఈలోగా ఒంటిని కాపాడేది మనం ఇప్పటిదాకా చెప్పుకున్న ఏర్పాటే.

గాయం కాస్త పెద్దదైతే కబురు పాదం దాటి రక్తంలోకి వెళ్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయానికి చేరితే, కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ని గుట్టలుగా తయారుచేస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే అది వందల రెట్లు పెరగగలదు. సీఆర్‌పీ రిపోర్టు చూసి చాలామంది టెన్షన్ పడతారు. ఒంట్లో ఎక్కడో వాపు ప్రక్రియ జరుగుతోందని మాత్రమే అది చెబుతుంది. ఎక్కడో చెప్పదు, ఎందుకో చెప్పదు. అదే ఇంటర్‌ల్యూకిన్-6 మాట విని కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌నీ వదులుతుంది. దాంతో రక్తంలో ఇనుము తగ్గి కణాల్లో దాక్కుంటుంది. బ్యాక్టీరియా పెరగడానికి ఇనుము కావాలి, అది వాటికి దొరక్కుండా చేయడమన్నమాట.

ఈ కబుర్లు మెదడుకి చేరితే జ్వరం. మెదడు అడుగున హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలన్న సెట్టింగ్‌ని పెంచుతుంది. ఏసీ రిమోట్‌లో అంకె మార్చినట్టే. సెట్టింగ్ 102కి మారి, ఒళ్లు ఇంకా 99 దగ్గరే ఉందనుకోండి. మెదడు లెక్కలో మనం చల్లబడిపోయాం. అందుకే ఒళ్లు కాలుతున్నా చలి వేస్తుంది, వణుకు పుడుతుంది, దుప్పట్లు కప్పమంటాం. పారాసిటమాల్ వేసుకున్నాక సెట్టింగ్ మళ్లీ 98.6కి దిగుతుంది. ఇప్పుడు ఒంట్లో వేడి ఎక్కువైనట్టు లెక్క. చెమటలు పట్టి జ్వరం దిగుతుంది. 1975లో అమెరికాలో ఎడారి ఇగువానాల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. ఈ బల్లి జాతి జంతువులు ఒంటి వేడిని సొంతంగా పెంచుకోలేవు, వెచ్చటి చోటికి వెళ్లాల్సిందే. బ్యాక్టీరియా ఎక్కించాక వెచ్చగా ఉంచినవాటిలో ఎక్కువ బతికాయి, చల్లగా ఉంచినవాటిలో ఎక్కువ చనిపోయాయి. అన్నం సయించకపోవడం, ముసుగు తన్ని పడుకోవాలనిపించడం కూడా మెదడు మీద సైటోకైన్ల పనే. లంఖణం పరమౌషధం అని మనవాళ్లు అన్నది ఈ ఆకలి లేకపోవడాన్ని చూసే అయి ఉండొచ్చు. పసిపిల్లలకీ, ముసలివాళ్లకీ, షుగర్ మందులు వాడేవాళ్లకీ మాత్రం ఆ సామెత వర్తించదు.

వైరస్ వస్తే కబురు మారుతుంది. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ కోడిగుడ్డు పొరల మీద, వేడిచేసి చంపిన ఫ్లూ వైరస్‌తో పనిచేస్తుంటే, వైరస్ తగిలిన కణాలు ఏదో పదార్థం వదులుతున్నాయనీ, అది తగిలిన కొత్త కణాల్లో బతికున్న వైరస్ కూడా పెరగలేకపోతోందనీ తేలింది. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. వైరస్ సోకిన కణం తాను బతక్కపోయినా, తలుపులు వేసుకోమని పక్కింటివాళ్లకి చెప్పి పోతుంది. కోవిడ్‌తో ప్రాణాపాయంలో పడినవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఈ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నట్టు 2020లో బయటపడింది. వాళ్లలో కబురు పక్కకణాలకి అందలేదు.

కబురు అందకపోతే ఒక ప్రమాదం. ఆగకుండా ఊరంతా మోగితే ఇంకో ప్రమాదం. పాదంలో టీఎన్ఎఫ్ నాళాల్ని వెడల్పు చేస్తే వాపు వస్తుంది, మేలు జరుగుతుంది. బ్యాక్టీరియా రక్తంలోకి పాకి, అదే టీఎన్ఎఫ్ ఒళ్లంతా ఒకేసారి విడుదలైతే అన్ని నాళాలూ ఒకేసారి వెడల్పవుతాయి, అన్నిచోట్లా నీరు ఊరుతుంది. బీపీ పడిపోతుంది. మూత్రపిండాలకీ మెదడుకీ రక్తం చాలదు. దీన్నే సెప్టిక్ షాక్ అంటారు. డెంగీలోనూ ప్రాణం మీదికి తెచ్చేది ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే కాదు. కొందరిలో జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే నాళాల్లోంచి ప్లాస్మా కారిపోతుంది. జ్వరం దిగింది కదా అని నిశ్చింతగా ఉండకూడని సమయం అది. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దని చెప్పేది కూడా ఈ రసాయనాల లెక్క వల్లే. ఆ మందులు అడ్డుకునే ఎంజైమే ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి కూడా కావాలి. అసలే రక్తస్రావం భయం ఉన్న జబ్బులో అది ఇంకా ప్రమాదం.

2021 వేసవి మనలో చాలామంది మర్చిపోలేరు. మా బంధువు ఒకాయనకి కోవిడ్ పాజిటివ్ వచ్చిన రెండో రోజే, ఆక్సిజన్ 98 ఉండగానే, ఎవరో వాట్సాప్‌లో పంపిన చీటీ చూసి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. స్టెరాయిడ్ పనిచేస్తుందన్న మాట అబద్ధం కాదు. 2020 జూన్‌లో ఫలితాలు వచ్చిన బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం ఏ మేలూ కనిపించలేదు. ఇందులో వింతేమీ లేదు. మొదటి వారం వైరస్ పెరుగుతున్న వారం, కణాల కబుర్లు వినిపించాల్సిన వారం. స్టెరాయిడ్ ఆ కబుర్లన్నిటి గొంతూ ఒకేసారి నొక్కేస్తుంది. ఆ కబుర్లే తుఫానులా లేచాక నొక్కితే ప్రాణం నిలుస్తుంది, లేవకముందే నొక్కితే వైరస్‌కి తలుపు తీసినట్టు. ఆయనకి షుగర్ నాలుగు వందలు దాటింది. కోలుకున్నాడు. షుగరూ స్టెరాయిడూ కలిసినచోట ఆ ఏడాది ఎంతమందికి బ్లాక్ ఫంగస్ సోకి కళ్లు పోయాయో పేపర్లలో చదివాం. ఇప్పటికీ చిన్న జ్వరానికి, ఒళ్లునొప్పులకి మందుల షాపులో అడగ్గానే స్టెరాయిడ్ ఇచ్చేవాళ్లున్నారు. పూటలో హుషారు వస్తుంది కాబట్టి మంచి మందే అనిపిస్తుంది. ఇది ఆగాలి.

ఒక్క కబురుని మాత్రమే ఆపే మందులూ ఉన్నాయి. కీళ్లవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, ఏ ముల్లూ లేకుండానే కీళ్లలో ఈ తతంగమంతా నడుస్తూ ఉంటుంది. అక్కడ టీఎన్ఎఫ్‌ని ఆపితే మిగతా కేకలు కూడా సద్దుమణుగుతాయని లండన్‌లో రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్ 1990ల మొదట్లో నిరూపించారు. మంచం దిగలేనివాళ్లు నడిచారు. కానీ 2001 నాటికి ఈ మందులు వాడినవాళ్లలో కొందరికి టీబీ బయటపడుతోందని తెలిసింది. ఏళ్ల కిందట ఊపిరితిత్తుల్లో చేరిన టీబీ క్రిముల్ని మాక్రోఫేజ్‌లు చుట్టుముట్టి గోడ కట్టి ఉంచుతాయి. ఆ గోడ నిలవాలంటే టీఎన్ఎఫ్ కావాలి. అది ఆగితే గోడ కూలుతుంది. అందుకే ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష చేస్తారు. మన దేశంలో అది తప్పనిసరిగా చేయించుకోవాల్సిన పరీక్ష.

కీళ్లవాతానికి ఇవాళ్టికీ డాక్టర్లు ముందుగా రాసేది మెథోట్రెక్సేట్, వారానికి ఒకే ఒక్కసారి. దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. ఆ రెండూ అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో ఒకే బృందం చేతి మీదుగా వచ్చాయి. ఆ పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940ల్లో మెథోట్రెక్సేట్‌ని తయారుచేసింది బ్లడ్ క్యాన్సర్ కోసం. తక్కువ మోతాదులో అది కీళ్ల వాపుని ఎలా తగ్గిస్తుందన్నదానికి నిపుణులు ఎక్కువగా చెప్పేది ఏమిటంటే, కణాల బయట అడినోసిన్ పెరుగుతుంది, అది తెల్లకణాల్ని శాంతింపజేస్తుంది. మళ్లీ ఒక కబురే, ఇది ఇక చాలు అని చెప్పే కబురు.

చాలు అని చెప్పే కబుర్లు ఒంట్లో సహజంగానే ఉన్నాయి. వాపు దానంతటదే చల్లారిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 1984లో స్వీడన్‌లో చార్లెస్ సెర్హాన్, బెంగ్ట్ శామ్యూల్సన్ లిపాక్సిన్లనే పదార్థాల్ని కనిపెట్టాక ఆ అభిప్రాయం మారుతూ వచ్చింది. ప్రోస్టాగ్లాండిన్లు ఏ కొవ్వు నుంచి తయారవుతాయో లిపాక్సిన్లూ అదే కొవ్వు నుంచి తయారవుతాయి. కొన్ని గంటలు గడిచాక కణాలు అదే ముడిసరుకుతో వేరే సరుకు చేయడం మొదలుపెడతాయి. కొత్త న్యూట్రోఫిల్స్ రావడం తగ్గుతుంది. తర్వాత సెర్హాన్ బృందమే చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వుల నుంచి తయారయ్యే రిసాల్విన్లనీ కనిపెట్టింది. చేపనూనె మాత్రలు మింగితే వాపులన్నీ పోతాయని దీనర్థం కాదు. అంత దూరం ఇంకా ఎవరూ నిరూపించలేదు.

చనిపోతున్న న్యూట్రోఫిల్ కూడా ఊరికే చనిపోదు. మామూలుగా తన పొర లోపలి వైపు ఉండే ఫాస్ఫటిడైల్ సెరిన్ అనే కొవ్వుని బయటికి తిప్పి చూపిస్తుంది. అది చూసి మాక్రోఫేజ్ దాన్ని మింగేస్తుంది. మింగాక మాక్రోఫేజ్ స్వభావమే మారిపోతుంది. మొన్న టీఎన్ఎఫ్ వదిలిన కణమే ఇప్పుడు ఇంటర్‌ల్యూకిన్-10 వదిలి మిగతావాటిని శాంతపరుస్తుంది. టీజీఎఫ్ బీటా అనే ఇంకో రసాయనంతో, కొల్లాజెన్ అల్లి గాయం పూడ్చమని పక్కన ఉన్న ఫైబ్రోబ్లాస్ట్ కణాలకి చెబుతుంది.

నాన్న కాలు నాలుగో రోజుకి కాస్త చీము కారి, వాపు తీసింది. జ్వరం అంతకుముందే పోయింది. గజ్జల్లో బిళ్ల కరగడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ముల్లు దిగిన చోట చర్మం పొట్టులా రాలి, కింద లేత గులాబీ రంగు కొత్త చర్మం కనిపించింది. ఆయన అరికాలు ఇప్పుడు తడిమినా, ఆ చోట కందిగింజంత గట్టి మచ్చ చేతికి తగులుతుంది.